అవార్డు మనవైపే వచ్చింది, వాళ్ళు సెక్షన్ 34 వేశారు: డబ్బు చేతికొచ్చేదెప్పుడు?

గోదారి_బిల్డర్
కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఒకదానికి రోడ్డు ఓవర్ బ్రిడ్జి, దాని అప్రోచ్ రోడ్లు కట్టాం. ఏడాదిన్నరలో అవ్వాల్సిన పని మూడున్నరేళ్ళు పట్టింది. ఒక వైపు భూసేకరణ అవ్వలేదు, ఇంకో వైపు 33 కేవీ కరెంటు లైను తీయలేదు. పని అయ్యాక ఫైనల్ బిల్లు ఆపేసి, ఆలస్యం నీదేనని పెనాల్టీ కూడా వేశారు. ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి, వెళ్ళాం. హైదరాబాదులో సిట్టింగులు, రిటైర్డ్ జడ్జి గారు ఒక్కరే ఆర్బిట్రేటర్. వడ్డీ కాకుండా 4 కోట్ల 60 లక్షలకు అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వచ్చింది. అందులో ఫైనల్ బిల్లు, పెనాల్టీ వాపసు, మెషినరీ ఖాళీగా నిలబడ్డందుకు నష్టం, ఓవర్‌హెడ్లు (ఆఫీసు నిర్వహణ ఖర్చులు), లాస్ ఆఫ్ ప్రాఫిట్ (పోయిన లాభం) ఉన్నాయి.

ఇక గట్టెక్కాం అనుకుంటే ఇప్పుడు కమర్షియల్ కోర్టు నుంచి నోటీసు. అవార్డు కొట్టేయమని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద పిటిషన్. చదివితే మేము ఆర్బిట్రేటర్ ముందు విన్న వాదనలే మళ్ళీ ఉన్నాయి. మొత్తం మొదటి నుంచి విచారణ జరుగుతుందా? అప్పటిదాకా డబ్బు ఆగిపోయినట్టేనా? బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) మీద నడుస్తున్నాం, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_కాంట్రాక్టర్
ఆగిపోయినట్టే అన్నా. నాది కూడా ఇంతే. అవార్డు కాగితం బీరువాలో ఉంది, డబ్బు వాళ్ళ దగ్గర ఉంది. కోర్టులో వాయిదా మీద వాయిదా.

బెజవాడ_వకీలు
ఓరుగల్లు గారూ, ఆయన్ని అలా భయపెట్టకండి. 2015కి ముందు చట్టం వేరు. అప్పట్లో 34 పిటిషన్ వేస్తే చాలు, అవార్డు అమలు దానంతటదే ఆగిపోయేది. 2015 సవరణతో సెక్షన్ 36 మారింది. పిటిషన్ వేసినంత మాత్రాన స్టే రాదు. స్టే కావాలంటే విడిగా అప్లికేషన్ వేయాలి, కోర్టు కారణాలు రాసి షరతులతో ఇవ్వాలి. డబ్బు అవార్డు అయితే మామూలుగా డిపాజిట్ చేయమంటారు.

గోదారి గారూ, ముందు ఇది చూసుకోండి: స్టే అప్లికేషన్ వేశారా? ఆర్డరు ఏదైనా ఉందా?

గోదారి_బిల్డర్
స్టే అప్లికేషన్ వేశారు, ఇంకా ఆర్డరు లేదు. ప్రభుత్వ సంస్థ కాబట్టి డిపాజిట్ అక్కర్లేదని అందులో రాశారు.

బెజవాడ_వకీలు
అది చెల్లదు. 2019లో పామ్ డెవలప్‌మెంట్స్ వర్సెస్ పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు సూటిగా చెప్పింది. ఆర్బిట్రేషన్ చట్టం కింద ప్రభుత్వానికి ప్రత్యేక మర్యాద ఏమీ లేదు, ప్రైవేటు పార్టీకి ఏ షరతు పెడతారో దానికీ అదే. అక్కడ పార్టీ సాక్షాత్తు రాష్ట్ర ప్రభుత్వం. మీ ఎదుట ఉన్నది ఒక కంపెనీ. ఆ తీర్పు కాపీ మీ కౌంటర్‌కి (స్టే అప్లికేషన్ మీద జవాబుకి) జత చేయమనండి. డిపాజిట్ అయ్యాక, మీరు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఆ డబ్బు తీసుకునేందుకు అనుమతి అడగవచ్చు.

స్టే రాకపోతే ఎగ్జిక్యూషన్ (అవార్డు అమలు పిటిషన్) వేసేయండి. వాళ్ళ ఆస్తి, ఖాతా ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే నేరుగా వేయవచ్చు. 2018లో సుందరం ఫైనాన్స్ కేసులో తేల్చేశారు.

క్లెయిమ్స్_ఇంజనీర్
ఇంకోటి. 2016 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. ప్రభుత్వ సంస్థ అవార్డుని సవాలు చేస్తే, అవార్డు మొత్తంలో 75 శాతం బ్యాంకు గ్యారంటీ మీద కాంట్రాక్టరుకి ఇవ్వాలని. తర్వాత దీన్ని కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నియమాలైన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 227ఎ కింద చేర్చారు. కోర్టు ఆర్డరు కోసం ఆగకుండా ఈ రూలు చూపించి సంస్థకు ఉత్తరం రాయండి. ఎస్క్రో ఖాతాలో (నిర్ణీత అవసరాలకే డబ్బు తీయగల ఖాతా) వేస్తారు, ముందు బ్యాంకు బాకీకి పోతుంది. ఓడీ ఉందన్నారు కాబట్టి మీకు అది కూడా మేలే.

రాయలసీమ_రోలర్
75 శాతానికి బ్యాంకు గ్యారంటీ ఎక్కడి నుంచి తేవాలి సార్? మార్జిన్ మనీ అడుగుతారు, కొలేటరల్ అడుగుతారు. చిన్న కాంట్రాక్టరు దగ్గర అది ఉంటే ఓడీ ఎందుకు? రూలు పెద్ద కంపెనీలకు పనికొచ్చింది, మాకు కాదు. మా జిల్లాలో ఈ రూలు కింద డబ్బు తీసుకున్నవాళ్ళు నాకు ఒక్కరూ తెలియదు.

క్లెయిమ్స్_ఇంజనీర్
నిజమే, గ్యారంటీ కష్టం. కానీ వచ్చే డబ్బునే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టుకుని కొంత భాగానికి గ్యారంటీ ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. మొత్తం కాకపోయినా సగం విడిపించుకోవచ్చు. అడగకుండా ఉండొద్దు.

విశ్రాంత_ఎస్‌ఈ
నేను ఇంజనీరుగా అవతలి వైపు, ప్రభుత్వం వైపు, కూర్చున్నవాణ్ణి కాబట్టి అటు సంగతి చెబుతాను. అవార్డు వస్తే ఫైలు మీద "అంగీకరించవచ్చు" అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. డబ్బు ఇచ్చేస్తే రేపు ఆడిట్ పేరా, ఎల్లుండి విజిలెన్స్. కోర్టుకు వెళ్ళి ఓడిపోతే ఎవరినీ ఎవరూ అడగరు. లా ఆఫీసరు "అప్పీలుకు యోగ్యం" అని రాస్తాడు, కింద నుంచి పై దాకా అందరూ ఇనీషియల్స్ వేస్తారు. అందులో మీ మీద కోపం ఏమీ ఉండదు.

ఓరుగల్లు_కాంట్రాక్టర్
కోపం లేకపోయినా వడ్డీ మేమే కదా సార్ కడుతున్నది. ఆ ఇనీషియల్స్ వేసిన వాళ్ళకి నెల జీతం ఆగదు. నా దగ్గర పనిచేసిన ఆపరేటర్లకు ఆగింది.

విశ్రాంత_ఎస్‌ఈ
మీ బాధ కాదనను. ఓడిపోయే కేసుకి వడ్డీ పెరిగితే అది ప్రజల డబ్బే. అందుకే 2021 అక్టోబరులో ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో, అవార్డులను అలవాటుగా సవాలు చేయొద్దని, గెలిచే అవకాశం బలంగా ఉన్నప్పుడే వెళ్ళాలని రాశారు. ఆ కాగితం మీద ధైర్యంగా సంతకం చేసిన అధికారిని కూడా చూశాను, చాలా తక్కువమంది. కానీ అన్ని అవార్డులూ పవిత్రం అనుకోకండి. హిండ్రెన్స్ రిజిస్టర్‌లో (సైట్‌లో పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకం) లేని రోజులకు ఐడిల్ చార్జీలు (యంత్రాలు ఖాళీగా ఉన్నందుకు పరిహారం) ఇచ్చిన అవార్డులు నేను చదివాను. అలాంటివి సవాలు చేయకపోతే అది తప్పు.

లా_స్టూడెంట్_విశాఖ
గోదారి గారి మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు. మళ్ళీ విచారణ జరగదు. సెక్షన్ 34 అప్పీలు కాదు. ఆర్బిట్రేటర్ సాక్ష్యాన్ని ఎలా తూచారో కోర్టు మళ్ళీ తూచదు. 2015లో చేర్చిన 34(2ఎ)లోనే ఉంది: కేవలం చట్టాన్ని తప్పుగా అన్వయించారని, సాక్ష్యాన్ని ఇంకోలా చూడాల్సిందని అవార్డు కొట్టేయకూడదు. 2019 సవరణ తర్వాత ఆర్బిట్రేటర్ ముందున్న రికార్డు మీదే వాదించుకోవాలి, కొత్త సాక్షులు మామూలుగా ఉండరు.

బెజవాడ_వకీలు
సరిగ్గా చెప్పారు. అయితే "పేటెంట్ ఇల్లీగాలిటీ" (అవార్డు మీద పైకే కనిపించే చట్టవిరుద్ధత) అనే తలుపు తెరిచే ఉంది, దేశీయ అవార్డులకు మాత్రమే. కాంట్రాక్టు షరతుకి ఎవరూ ఊహించలేని అర్థం చెప్పినా, ఏ సాక్ష్యం లేకుండా నిర్ధారణకు వచ్చినా, కీలకమైన సాక్ష్యాన్ని వదిలేసినా, కారణాలు రాయకపోయినా అందులోకి వస్తుంది. 2014 నవంబరులో అసోసియేట్ బిల్డర్స్, 2019 మేలో సాంగ్యాంగ్, ఈ రెండు తీర్పులు మీ వకీలు నోటికి వచ్చి ఉండాలి.

అబుదాబి_క్యూఎస్
సాంగ్యాంగ్ కేసు మన రోడ్డు కాంట్రాక్టర్లు అందరూ తెలుసుకోవాల్సింది. మధ్యప్రదేశ్‌లో ఝాన్సీ-లఖ్నాదోన్ రోడ్డు మీద బైపాస్ పని, జాతీయ రహదారుల సంస్థతో కాంట్రాక్టు. ధరల సర్దుబాటుకి హోల్‌సేల్ ధరల సూచీ వాడాలి. మధ్యలో ఆ సూచీ ఆధార సంవత్సరం 1993-94 నుంచి 2004-05కి మారింది. సంస్థ ఒక సర్క్యులర్ తెచ్చి కొత్త లెక్క వేసింది. ముగ్గురు ఆర్బిట్రేటర్లలో ఇద్దరు ఆ లెక్కకు ఒప్పుకున్నారు, అదీ రికార్డులో లేని ప్రభుత్వ మార్గదర్శకాలు సొంతంగా చూసుకుని. ఒక పక్షం తనంతట తాను షరతు మార్చి రెండో పక్షం మీద రుద్దడం న్యాయం కాదని సుప్రీంకోర్టు ఆ అవార్డు కొట్టేసి, మూడో ఆర్బిట్రేటర్ ఇచ్చిన మైనారిటీ అవార్డుని నిలబెట్టింది.

రాయలసీమ_రోలర్
అంటే సెక్షన్ 34 మనకి కూడా ఆయుధమే అన్నమాట. ఎప్పుడూ వాళ్ళే వేస్తారనుకున్నా.

కంకర_మిల్లు
గోదారి గారూ, వాళ్ళు గడువు లోపల వేశారా? మూడు నెలలు దాటితే అంతే సంగతులు అని విన్నాను.

గోదారి_బిల్డర్
మంచి మాట గుర్తు చేశారు. అవార్డు మార్చి 4న వాళ్ళ జోనల్ ఆఫీసు తపాలా సెక్షన్‌లో తీసుకున్నారు, రౌండ్ సీలు ఉంది. పిటిషన్ నంబరు స్లిప్ మీద జూలై 9 అని ఉంది. నాలుగు నెలలు దాటింది కదా?

లా_స్టూడెంట్_విశాఖ
అయితే కేసు అయిపోయింది! మూడు నెలలు, ఆపైన సరైన కారణం చూపిస్తే 30 రోజులు. అంతకు మించి ఒక్క రోజు కూడా కుదరదు. 2001లో పాపులర్ కన్‌స్ట్రక్షన్ తీర్పు.

బెజవాడ_వకీలు
తొందరపడొద్దు. రెండు సంగతులు తేలాలి.

మొదటిది, తపాలా సెక్షన్ సీలు సరిపోతుందా? టెక్కో ట్రిచీ ఇంజనీర్స్ కేసు, 2005. దక్షిణ రైల్వే జనరల్ మేనేజర్ ఆఫీసు ఇన్‌వార్డ్‌లో అవార్డు అందింది. సుప్రీంకోర్టు ఏమందంటే, పెద్ద సంస్థల్లో గుమాస్తా తీసుకున్న రోజు లెక్కలోకి రాదు, ఆ కాంట్రాక్టు సంగతి తెలిసి సవాలు చేయాలో వద్దో నిర్ణయించగల అధికారి చేతికి చేరిన రోజు నుంచే గడువు అని. అక్కడ చీఫ్ ఇంజనీరుకి అందిన రోజు లెక్కపెట్టారు. మీ ఎదుటి వాళ్ళు కచ్చితంగా ఇదే పట్టుకుంటారు. ఆర్బిట్రేషన్‌లో వాళ్ళ తరఫున క్లెయిమ్‌కి జవాబు సంతకం పెట్టింది ఎవరో చూడండి, ఆయన టేబుల్ మీదకు ఫైలు ఎప్పుడు వెళ్ళిందో ఇన్‌వార్డ్ నంబరుతో సహా ఆర్‌టీఐలో అడగండి.

రెండోది, జూలై 9 నంబరు పడిన రోజా, మొదట దాఖలు చేసిన రోజా? ముందే వేసి ఆఫీసు అభ్యంతరాలతో వెనక్కి వచ్చి మళ్ళీ వేసి ఉండొచ్చు. మొదటి దాఖలులో అవార్డు కాపీ ఉందో లేదో కూడా చూడండి. అవార్డు కాపీ లేకుండా వేసిన పిటిషన్ అసలు వేసినట్టే కాదని ఢిల్లీ హైకోర్టు ఫుల్ బెంచ్ 2025 ఫిబ్రవరిలో చెప్పింది. మన కోర్టులు దాన్ని పాటించాలని లేదు, వాదించడానికి మాత్రం బలం.

క్లెయిమ్స్_ఇంజనీర్
వేసవి సెలవుల సాకు కూడా చెబుతారు. మూడు నెలల గడువు సెలవుల్లో ముగిస్తే కోర్టు తెరిచిన రోజు వేయొచ్చు. కానీ ఆపైన ఉన్న 30 రోజులు సెలవుల్లో ముగిస్తే ఆ వెసులుబాటు లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ అదే చెప్పింది.

ఓరుగల్లు_కాంట్రాక్టర్
నాకో సందేహం. సరే, సగం అవార్డు బాగుంది, సగం బాగోలేదు అనుకుందాం. మొత్తం కొట్టేస్తారా? కొట్టేస్తే డబ్బు వాళ్ళదేనా ఇక?

లా_స్టూడెంట్_విశాఖ
2025 ఏప్రిల్ 30న గాయత్రీ బాలసామి కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చింది, 4:1 మెజారిటీతో. విడదీయగలిగితే చెడ్డ భాగం తీసేసి మంచి భాగం ఉంచవచ్చు. పైకి కనిపించే లెక్క తప్పులు, టైపు తప్పులు సరిచేయవచ్చు. అవార్డు తర్వాతి వడ్డీని కొన్ని సందర్భాల్లో మార్చవచ్చు. అంతకు ముందు 2021లో హకీమ్ కేసులో అసలు మార్చే అధికారమే లేదన్నారు.

విశ్రాంత_ఎస్‌ఈ
ఈ తీర్పు నాకు నచ్చింది. ఒక్క క్లెయిమ్ కోసం మొత్తం అవార్డు పోవడం ఇద్దరికీ నష్టమే.

క్లెయిమ్స్_ఇంజనీర్
నాకు నచ్చలేదు. "మార్చవచ్చు" అనగానే ప్రతి పిటిషన్‌లో "కనీసం తగ్గించండి" అని ప్రత్యామ్నాయ ప్రార్థన వస్తోంది. బేరం మొదలవుతుంది. వడ్డీ మీద పడతారు, ఎందుకంటే పాత కేసుల్లో అసలు కన్నా వడ్డీయే ఎక్కువ. విభేదించిన ఒక్క జడ్జి గారి భయం కూడా ఇంచుమించు ఇదే, చట్టంలో రాయని అధికారం కోర్టు తీసుకోకూడదని.

బెజవాడ_వకీలు
ఓరుగల్లు గారి రెండో సందేహం: కొట్టేస్తే డబ్బు వాళ్ళదైపోదు. మీ క్లెయిమ్ ఓడిపోయినట్టు కూడా కాదు. కొత్తగా ఆర్బిట్రేషన్ మొదలుపెట్టుకోవచ్చు, మధ్యలో గడిచిన కాలాన్ని లిమిటేషన్‌లో (కేసు వేసే గడువులో) లెక్కపెట్టరని సెక్షన్ 43(4) చెబుతుంది. కానీ ఆ ఓపిక, ఆ ఖర్చు ఎవరికి ఉంటుంది? అందుకే ఉన్న అవార్డుని కాపాడుకోవడమే పని.

అబుదాబి_క్యూఎస్
గోదారి గారూ, అవార్డులో నాకు భయం వేసేది ఒక్కటే, ఓవర్‌హెడ్లు, లాస్ ఆఫ్ ప్రాఫిట్. లెక్క ఎలా వేశారు?

గోదారి_బిల్డర్
ఓవర్‌హెడ్లకు హడ్సన్ ఫార్ములా (ఆలస్యమైన కాలానికి శాతం లెక్కన ఓవర్‌హెడ్లు కట్టే సూత్రం). లాస్ ఆఫ్ ప్రాఫిట్ విడిగా 10 శాతం ఇచ్చారు.

అబుదాబి_క్యూఎస్
అదే అనుకున్నా. హడ్సన్ ఫార్ములాలో పెట్టే శాతం టెండరులోని ఓవర్‌హెడ్, లాభం రెండూ కలిపినది. దాని మీద మళ్ళీ లాభం విడిగా ఇస్తే ఒకే నష్టానికి రెండుసార్లు ఇచ్చినట్టు. 2023 సెప్టెంబరులో బాట్లీబాయ్ వర్సెస్ హిందుస్థాన్ పెట్రోలియం కేసులో ఇలాంటి అవార్డే నిలవలేదు. అంకె ఎలా వచ్చిందో కారణం లేదు, రెండుసార్లు లెక్క పడింది. ఆ తర్వాతి నెలలోనే యూనిబ్రోస్ వర్సెస్ ఆలిండియా రేడియో: ఆలస్యం వల్ల ఇంకో పని చేజారిందని రుజువు లేకుండా లాస్ ఆఫ్ ప్రాఫిట్ ఇవ్వకూడదు అన్నారు. ఢిల్లీ మండీ హౌస్‌లో దూరదర్శన్ భవనం పని అది.

మీరు ఆర్బిట్రేటర్ ముందు ఏం పెట్టారు? ఆ మూడున్నరేళ్ళలో వదులుకున్న టెండర్లు, బిడ్ కెపాసిటీ (చేతిలో ఉన్న పనులు పోను ఇంకా ఎంత పని తీసుకోగలరన్న లెక్క) చాలక అనర్హులైన కాగితాలు ఉన్నాయా?

గోదారి_బిల్డర్
ఒక టెండరులో బిడ్ కెపాసిటీ చాలదని టెక్నికల్‌లో తీసేసిన ఉత్తరం ఉంది, ఎగ్జిబిట్‌గా వేశాం. ఓవర్‌హెడ్లకు హెడ్ ఆఫీసు బ్యాలెన్స్ షీట్లు పెట్టాం. ఈ ఫార్ములా సంగతి మా వకీలు ఎప్పుడూ చెప్పలేదు.

అబుదాబి_క్యూఎస్
ఆ ఉత్తరం బంగారం. ఓవర్‌హెడ్లు, లాభం అనే మీ రెండు హెడ్లలో (పద్దుల్లో) ఏదో ఒకటి నిలబడేలా ఇప్పుడే లెక్క సిద్ధం చేసుకోండి. అవసరమైతే గాయత్రీ బాలసామి చూపించి, పోతే ఆ ఒక్క హెడ్ విడదీసి మిగతాది ఉంచమని మీరే అడగండి. ఫైనల్ బిల్లు, పెనాల్టీ వాపసు వాటితో సంబంధం లేకుండా నిలుస్తాయి.

విశ్రాంత_ఎస్‌ఈ
మెషినరీ ఐడిల్‌కి ఏం ఆధారం?

గోదారి_బిల్డర్
హిండ్రెన్స్ రిజిస్టర్ ఉంది సార్. ప్రతి పేజీలో అడ్డంకి మొదలైన తేదీ, తొలగిన తేదీ, ఏ పియర్ (వంతెన స్తంభం) దగ్గర ఏ యంత్రం ఆగిందో రాసి, మా సైట్ ఇంజనీరు, వాళ్ళ జేఈ (జూనియర్ ఇంజనీరు) ఇద్దరి సంతకాలు. 33 కేవీ లైను కింద పైలింగ్ రిగ్ నిలబడిన పేజీలో వాళ్ళ ఏఈ ఎర్ర ఇంకుతో "విద్యుత్ శాఖకు రాయడమైనది" అని కూడా రాశాడు. అయితే "ఆలస్యానికి గడువు పొడిగింపు తప్ప పరిహారం లేదు" అని కాంట్రాక్టులో క్లాజ్ ఉంది, పిటిషన్‌లో ప్రధానంగా అదే.

విశ్రాంత_ఎస్‌ఈ
రెండు వైపుల సంతకాలున్న రిజిస్టర్ మీద వచ్చిన నిర్ధారణని కోర్టు కదపదు. మా రోజుల్లో ఆ రిజిస్టర్ రాయకుండా తప్పించుకునే జేఈలే ఎక్కువ. మీ జేఈ నిజాయితీపరుడు. ఆ క్లాజ్ మాత్రం నిజమైన గండం, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

బెజవాడ_వకీలు
ఔను, వాళ్ళ పిటిషన్‌లో బలం ఉన్నది అక్కడే. ఆర్బిట్రేటర్ ఆ క్లాజ్‌ని అసలు ప్రస్తావించారా లేదా అన్నదే కీలకం. ప్రస్తావించి, తప్పు సంస్థదే కాబట్టి ఈ క్లాజ్ అడ్డు రాదని కారణంతో చెప్పి ఉంటే అది ఒక సాధ్యమైన అర్థం, కోర్టు తన అర్థం పెట్టకూడదు. క్లాజ్ ఊసే లేకపోతే కష్టం. ఆ పేరా ఒకసారి చూసి చెప్పండి.

గోదారి_బిల్డర్
ఉంది. రెండు పేజీలు రాశారు. గడువు పొడిగించినప్పుడల్లా మేము "నష్టపరిహారం హక్కు వదులుకోవడం లేదు" అని రాసిన ఉత్తరాల నంబర్లు కూడా ఇచ్చారు.

బెజవాడ_వకీలు
అయితే ధైర్యంగా ఉండండి.

ఓరుగల్లు_కాంట్రాక్టర్
ఢిల్లీ మెట్రో కేసు చూశాక ధైర్యం ఎక్కడిది అన్నా? ఎయిర్‌పోర్ట్ లైన్ కేసులో 2017లో సుమారు 2,782 కోట్ల అవార్డు. 2021లో సుప్రీంకోర్టే నిలబెట్టింది, రివ్యూ కూడా కొట్టేసింది. 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్‌లో (రివ్యూ కూడా పోయాక సుప్రీంకోర్టులో వేసే ఆఖరి పిటిషన్) మొత్తం తిరగేసింది. అన్ని మెట్లూ ఎక్కి గెలిచినవాడు తనకు అందిన డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది.

లా_స్టూడెంట్_విశాఖ
అది చాలా అరుదు. మెట్రో రైల్ సేఫ్టీ కమిషనర్ ఇచ్చిన సర్టిఫికెట్ లాంటి కీలక సాక్ష్యాన్ని ట్రిబ్యునల్ పట్టించుకోలేదన్నది అక్కడ కారణం.

ఓరుగల్లు_కాంట్రాక్టర్
అరుదే, ఒప్పుకుంటాను. కానీ తుది తీర్పు అంటే తుది తీర్పు అన్న నమ్మకం పోయింది. అది నా బాధ.

రాయలసీమ_రోలర్
మీకు ఆర్బిట్రేషన్ అయినా ఉంది. ఆంధ్ర రాష్ట్ర ఇరిగేషన్, ఆర్ అండ్ బీ పనుల్లో 50 వేలు దాటిన క్లెయిమ్ అయితే సివిల్ కోర్టుకే పొమ్మని ఎప్పటి నుంచో అగ్రిమెంట్‌లో ఉంటుంది. ఈ రోజుల్లో 50 వేలకు కంకర రెండు లారీలు కూడా రావు. ఇప్పుడు కేంద్రం కూడా అదే దారి పట్టింది. 2024 జూన్‌లో ఆర్థిక శాఖ, 10 కోట్ల లోపు వివాదాలకే ఆర్బిట్రేషన్ పెట్టుకోండి, పెద్దవాటికి మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ) చూడండి అని చెప్పింది. ఓడిపోతున్నామని ఆటే మానేయడం ఏం పద్ధతి?

విశ్రాంత_ఎస్‌ఈ
మీడియేషన్‌లో సంతకం పెట్టే అధికారికి రక్షణ ఇస్తే అది నడుస్తుంది. లేకపోతే అదీ ఫైలే.

కంకర_మిల్లు
సెటిల్‌మెంట్ స్కీమ్ ఏదో వచ్చింది కదా, గోదారి గారికి పనికొస్తుందా?

క్లెయిమ్స్_ఇంజనీర్
2023లో వివాద్ సే విశ్వాస్ రెండో స్కీమ్. అవార్డులో 65 శాతం దాకా, కోర్టు ఆర్డరు ఉంటే 85 శాతం దాకా తీసుకుని కేసు మూసేయడం. 2023 జనవరి 31 లోపు వచ్చిన అవార్డులకే, అదీ అప్పుడే ముగిసింది. గోదారి గారికి వర్తించదు.

గోదారి_బిల్డర్
మా వకీలుతో ఇప్పుడే మాట్లాడాను. స్టే మీద కౌంటర్‌లో పామ్ డెవలప్‌మెంట్స్ పెట్టి పూర్తి డిపాజిట్ అడుగుతున్నాం. 227ఎ కింద సంస్థకు ఉత్తరం రేపు పంపుతాం. దాఖలు తేదీ కోసం కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ వేస్తున్నారు, ఆర్‌టీఐ నేను వేస్తాను. ఓవర్‌హెడ్, ప్రాఫిట్ లెక్క అబుదాబి గారికి పంపవచ్చా?

అబుదాబి_క్యూఎస్
పంపండి. పేర్లు, కాంట్రాక్టు నంబరు చెరిపేసి అంకెలు మాత్రమే. టెండరులో మీరు చూపించిన ఓవర్‌హెడ్ శాతం, లాభం శాతం విడివిడిగా ఉన్న రేట్ ఎనాలిసిస్ షీటు (ఒక్కో పని రేటు ఎలా వచ్చిందో చూపే కాగితం) తప్పకుండా జతచేయండి, దాని మీదే అంతా ఉంది.

బెజవాడ_వకీలు
ఆర్‌టీఐలో ఇన్‌వార్డ్ రిజిస్టర్ పేజీతో పాటు ఆ ఫైలు నోట్ షీటు కాపీ కూడా అడగండి. అవార్డు ఎవరి ముందు ఏ తేదీన పెట్టారో అందులో ఉంటుంది.